రెండు సగట్ల తేడాను జాస్ప్‌లో పరీక్షించడం: ఒక అధ్యాపకుడి సమీక్ష

వ్యవసాయ ఎమ్మెస్సీ విద్యార్థుల థీసిస్ గడువు దగ్గరపడే రోజుల్లో గణాంకశాస్త్రం చెప్పే నాలాంటివాళ్ల దగ్గరికి తరచుగా వచ్చే ప్రశ్న ఒకటుంది. రెండు వేరుశనగ రకాలు వేసి, మొక్కకు ఎన్ని కాయలు కాశాయో లెక్కపెట్టారు. ఒక రకం సగటు రెండోదానికన్నా ఎక్కువ వచ్చింది. ఆ తేడా రకాలదేనని చెప్పవచ్చా, లేక మన చేతికి చిక్కిన మొక్కలు అలాంటివి కావడం వల్ల వచ్చిందనుకోవాలా? దీనికి జవాబు వెతికే మొదటి సాధనం, ఒకదానితో ఒకటి సంబంధం లేని రెండు గుంపుల సగట్లను పోల్చే స్వతంత్ర నమూనాల టీ పరీక్ష. ఆ పరీక్ష చేయడానికి విద్యార్థుల చేతికి ఏ సాఫ్ట్‌వేర్ ఇవ్వాలన్న ఆలోచనతో గత రెండేళ్లుగా మా ల్యాబులో జాస్ప్‌ను వాడిస్తున్నాను. అందులో ఇంకా చాలా విశ్లేషణలు ఉన్నాయి గానీ, ఈ సమీక్ష రెండు సగట్లను పోల్చే పని వరకే.

జాస్ప్‌ను ఆమ్‌స్టర్‌డామ్ విశ్వవిద్యాలయంలోని ఒక బృందం తయారుచేసి ఉచితంగా అందిస్తోంది. దాని సోర్స్ కోడ్ కూడా ఎవరైనా చూడవచ్చు. పేరులోని మొదటి అక్షరం సంభావ్యత మీద లోతుగా పనిచేసిన బ్రిటిష్ శాస్త్రవేత్త హెరాల్డ్ జెఫ్రీస్ పేరు నుంచి వచ్చింది. విండోస్, మాక్, లినక్స్ మూడింటిలోనూ నడుస్తుంది. లోపల లెక్కలు చేసేది ఆర్ అనే గణాంక భాషే అయినా, వాడేవాళ్లు ఒక్క కమాండు కూడా రాయనక్కర్లేదు. ఒకసారి ఇన్‌స్టాల్ చేసుకుంటే ఇంటర్నెట్ లేకపోయినా పనిచేస్తుంది కాబట్టి, నెట్ ఎప్పుడు ఉంటుందో తెలియని ల్యాబులకూ హాస్టల్ గదుల్లోని పాత ల్యాప్‌టాప్‌లకూ ఇది బాగా సరిపోతుంది. ఖరీదైన సాఫ్ట్‌వేర్‌కు దొంగ కాపీలు వెతుక్కునే దుస్థితి విద్యార్థులకు తప్పడం నా దృష్టిలో చిన్న విషయం కాదు.

మొదటి చిక్కు డేటా అమరిక దగ్గర వస్తుంది. మన విద్యార్థులకు ఎక్సెల్‌లో మొదటి రకం అంకెలు ఒక కాలమ్‌లో, రెండో రకం అంకెలు పక్క కాలమ్‌లో వేయడం అలవాటు. జాస్ప్ స్వతంత్ర నమూనాల పరీక్షకు ఆ అమరిక పనికిరాదు: కొలతలన్నీ ఒకే కాలమ్‌లో ఒకదాని కింద ఒకటి ఉండాలి, ప్రతి కొలత ఏ గుంపుకు చెందినదో పక్క కాలమ్‌లో రాసి ఉండాలి. దీన్ని మొదట్లో లోపమనే అనుకున్నాను. ఇప్పుడు మేలనే అంటాను, ఎందుకంటే ఒక్కో వరుస ఒక్కో మొక్కదనో, ఒక్కో మడిదనో, ఒక్కో మనిషిదనో విద్యార్థి ముందుగా తేల్చుకోక తప్పదు. ఈ పరీక్షలో జరిగే పెద్ద తప్పులు చాలావరకు అక్కడే పుడతాయి. కొలత నమోదు కాని చోట గడిని ఖాళీగా వదలాలి. ఎండిపోయిన మొక్కకు కొలత లేదని చెప్పడానికి 0 వేస్తే, జాస్ప్ దాన్ని నిజమైన సున్నాగానే తీసుకుని సగటును కిందికి లాగుతుంది, ఏ హెచ్చరికా ఇవ్వదు. గుంపుల కాలమ్‌లో ఒక చోట ‘రకం ఎ’ అనీ మరో చోట అక్షరం తేడాతోనూ రాస్తే మాత్రం రెండు గుంపులకు బదులు మూడు కనిపిస్తాయి, పరీక్ష ముందుకు కదలదు. ఆ తిరస్కారం విద్యార్థులకు విసుగు తెప్పిస్తుంది, నాకు మాత్రం ఊరట.

పరీక్ష ఎలా నడుస్తుందో దగ్గరగా చూడటానికి నేను క్లాసులో వాడేది జాస్ప్‌తోపాటే వచ్చే డేటా లైబ్రరీలోని ఒక పాత ఉదాహరణ. అమెరికాలో మూడో తరగతి పిల్లల పఠన సామర్థ్యం మీద జరిగిన అధ్యయనమది. ఒక తరగతిలోని 21 మంది పిల్లలతో ఎనిమిది వారాలు ప్రత్యేక పఠన కార్యక్రమాలు చేయించారు, మరో తరగతిలోని 23 మందికి మామూలు పాఠాలే చెప్పారు, చివర్లో అందరికీ ఒకే పరీక్ష పెట్టారు. కార్యక్రమాల్లో పాల్గొన్నవాళ్ల సగటు 51.48, ప్రామాణిక విచలనం (మార్కులు సగటు చుట్టూ ఎంత చెదిరి ఉన్నాయో చెప్పే కొలత) 11.01. మామూలు తరగతి సగటు 41.52, ప్రామాణిక విచలనం 17.15. సగట్ల తేడా 9.95 మార్కులు.

టీ పరీక్షల మెనూలో స్వతంత్ర నమూనాల పరీక్ష ఎంచుకుని, మార్కుల కాలమ్‌ను కొలతల పెట్టెలోకీ తరగతి కాలమ్‌ను గుంపుల పెట్టెలోకీ లాగగానే కుడివైపు పట్టిక వచ్చేస్తుంది. ‘సరే’ అని నొక్కే బటనేదీ లేదు. ఎడమవైపు టిక్ పెట్టినా తీసేసినా కుడివైపు ఫలితం వెంటనే మారుతుంది. పాఠం చెప్పేవాళ్లకు ఇది నిజంగా వరం. ఒక ఊహను మారిస్తే జవాబు ఎంత మారుతుందో నల్లబల్ల మీద అరగంట లెక్క చేసి చూపించాల్సింది ఇక్కడ కళ్లెదుటే జరుగుతుంది.

నా ప్రధానమైన ఫిర్యాదు కూడా ఈ చోటే ఉంది. జాస్ప్ తెరవగానే మూడు పరీక్షల్లో ముందే టిక్ పెట్టి ఉండేది స్టూడెంట్ పరీక్ష (‘స్టూడెంట్’ దాన్ని రూపొందించినవాడి కలంపేరు). వెల్చ్ పరీక్ష, కొలతలకు బదులు వాటి ర్యాంకులను పోల్చే మాన్-విట్నీ పరీక్ష మనం ఎంచుకుంటేనే వస్తాయి. స్టూడెంట్ పరీక్ష రెండు గుంపుల విస్తృతులూ (విస్తృతి అంటే ప్రామాణిక విచలనం వర్గం) సమానమని ముందే అనుకుని, రెండింటినీ కలిపి ఒకే విస్తృతిని అంచనా వేస్తుంది. బి.ఎల్. వెల్చ్ 1947లో ప్రచురించిన పద్ధతి ఆ ఊహ లేకుండానే సాగుతుంది: ఒక్కో గుంపు విస్తృతిని ఆ గుంపు సంఖ్యతో భాగించి, ఆ రెండింటినీ కూడి, వర్గమూలం తీసి, దాన్ని సగట్ల తేడాకు ప్రామాణిక దోషంగా వాడుతుంది, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను (విస్తృతిని అంచనా వేయడానికి డేటాలో ఎంత స్వతంత్ర సమాచారం ఉందో చెప్పే అంకె) కూడా డేటాను బట్టి తగ్గిస్తుంది. పఠనం డేటాలో రెండో గుంపు విస్తృతి మొదటిదానికి రెండింతలకు పైనే ఉంది. స్టూడెంట్ పరీక్షలో టీ (సగట్ల తేడాను దాని ప్రామాణిక దోషంతో భాగిస్తే వచ్చేది) 2.27, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 42, పి విలువ (నిజంగా తేడా లేకపోయినా ఇంత లేదా ఇంతకన్నా పెద్ద తేడా కనిపించే సంభావ్యత) 0.029. వెల్చ్‌కు టిక్ పెడితే టీ 2.31, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 37.86, పి విలువ 0.026.

తేడా స్వల్పమే కదా, ఇంత చర్చ ఎందుకని విద్యార్థులు అడుగుతారు. ఈ డేటాలో స్వల్పంగానే ఉంది, అందులోనూ ఎక్కువ మంది ఉన్న గుంపుకే విస్తృతి కూడా ఎక్కువ కావడంతో స్టూడెంట్ పరీక్ష కాస్త జంకుతూ జవాబు చెప్పింది. పరిస్థితి తలకిందులై, తక్కువ మంది ఉన్న గుంపులో చెదురు ఎక్కువగా ఉంటే మాత్రం స్టూడెంట్ పరీక్ష లేని తేడాను ఉందని చెప్పే అవకాశం మనం ఒప్పుకున్న 5 శాతాన్ని దాటి పెరుగుతుంది. పొలంలో కొత్త రకానికి తక్కువ మళ్లు, స్థానిక రకానికి ఎక్కువ మళ్లు కేటాయించిన ప్రయోగాల్లో సరిగ్గా ఇదే ప్రమాదం పొంచి ఉంటుంది. రెండు గుంపుల సంఖ్యలు సమానమైతే టీ విలువ రెండు పద్ధతుల్లోనూ ఒక్కటే, విస్తృతులు కూడా సమానమైతే వెల్చ్ వల్ల పోయేది దాదాపు ఏమీ ఉండదు. కాబట్టి ముందే టిక్ పెట్టి ఉండాల్సింది వెల్చ్‌కు అన్నది నా నిశ్చితాభిప్రాయం. జాస్ప్ లోపల పనిచేసే ఆర్ భాషలోనే టీ పరీక్ష కమాండు, మనం ఏమీ చెప్పకపోతే వెల్చ్‌నే చేస్తుంది.

చాలా కళాశాలల్లో నేర్పే పద్ధతి వేరు: ముందు లెవీన్ పరీక్ష చేసి, విస్తృతుల్లో తేడా తేలకపోతే స్టూడెంట్, తేలితే వెల్చ్. జాస్ప్‌లో ఊహల తనిఖీ కింద ఆ పరీక్ష కూడా ఉంది, విద్యార్థులు వెంటనే దాని మీదికే వెళ్తారు. గుంపుకు ఎనిమిదో పదో కొలతలు ఉన్నప్పుడు విస్తృతుల్లోని నిజమైన తేడాను పట్టుకునే శక్తి లెవీన్ పరీక్షకు అంతగా ఉండదు. తేడా తేలలేదంటే తేడా లేదని అర్థం కాదు. అందుకే ఆ మెట్టు దాటవేసి నేరుగా వెల్చ్ చేయమనే నేను చెబుతాను. కొలతలు గంట ఆకారపు నార్మల్ పంపిణీకి ఎంత దగ్గరగా ఉన్నాయో చూడటానికి దానికోసమే ఉన్న షపీరో-విల్క్ పరీక్షకన్నా, కొలతలు నార్మల్ అయితే చుక్కలు సరళరేఖ మీద పడే క్యూ-క్యూ ప్లాట్‌ను కంటితో చూడటం మేలు, అది కూడా అక్కడే దొరుకుతుంది.

మరో లోపం పేరు పెట్టడంలో ఉంది. ఈ పరీక్ష నుంచి పాఠకుడికి అన్నిటికన్నా ముందు కావాల్సింది సగట్ల తేడా ఎంత, దాని కాన్ఫిడెన్స్ ఇంటర్వల్ (డేటాకు పొసగే తేడాల హద్దులు) ఎక్కడి నుంచి ఎక్కడి దాకా అన్నవే. జాస్ప్ మొదటి పట్టికలో ఆ రెండూ ఉండవు. టీ, డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్, పి విలువ మాత్రమే ఉంటాయి. తేడా కావాలంటే ‘లొకేషన్ పెరామీటర్’ అన్న చోట టిక్ పెట్టి, దాని కింద ఇంటర్వల్‌కు మరో టిక్ పెట్టాలి. మాన్-విట్నీ పరీక్షలో ఆ చోటే వేరే అంచనా వస్తుంది కాబట్టి అలాంటి ఉమ్మడి పేరు పెట్టారని నాకు అర్థమైంది గానీ, మొదటిసారి చూసే విద్యార్థికి ఆ పేరు వెనుక సగట్ల తేడా ఉందని తట్టదు. టిక్ పెట్టాక పఠనం డేటాకు వెల్చ్ ఇంటర్వల్ 1.23 నుంచి 18.68 వరకు అని కనిపిస్తుంది. ఈ అంకెలు చూపించిన రోజు తరగతి కాసేపు నిశ్శబ్దమైపోతుంది. పి విలువ 0.026 అనగానే కార్యక్రమం గొప్పగా పనిచేసిందని రాసుకున్నవాళ్లు, అసలు ప్రభావం ఒక మార్కు మాత్రమే అయి ఉండవచ్చనీ పద్దెనిమిది మార్కులు కూడా అయి ఉండవచ్చనీ ఆ ఇంటర్వల్ చెబుతోందని గ్రహిస్తారు. సగట్ల తేడా ఎన్ని ప్రామాణిక విచలనాలకు సమానమో చెప్పే కోహెన్ డి కూడా ఒక టిక్ దూరంలోనే ఉంది: ఉమ్మడి ప్రామాణిక విచలనంతో లెక్కిస్తే ఇక్కడ 0.68.

గుర్తుల విషయంలో జాగ్రత్త అవసరం. గుంపుల పేర్లలో ఏది ముందు వస్తే దాని సగటు నుంచి రెండోదాని సగటును జాస్ప్ తీసేస్తుంది. మామూలు తరగతి పేరు ముందుంటే పైన చెప్పిన టీ విలువలూ ఇంటర్వల్ హద్దులూ రుణ సంఖ్యలుగా వస్తాయి. రెండువైపుల పరీక్షకు దీనివల్ల నష్టం లేదు. ఒకవైపు పరీక్ష (ఫలానా గుంపు సగటే ఎక్కువా అని మాత్రమే చూసేది) చేసేవాళ్లు మాత్రం ఏది ‘గ్రూప్ 1’ అయిందో చూసుకోకుండా ఎంచుకుంటే పి విలువ పూర్తిగా ఎదురుతిరుగుతుంది. డేటా పట్టికలో కాలమ్ పేరు మీద నొక్కి గుంపుల వరుస మార్చుకునే వీలుంది. పట్టిక కింద గుంపుల సగట్లు, గ్రాఫు కూడా పెట్టించుకుంటే తేడా ఎటువైపో సందేహం ఉండదు. ముఖ్యంగా ఒక్కో కొలతనూ ఒక్కో చుక్కగా చూపే రెయిన్‌క్లౌడ్ ప్లాట్ నాకు చాలా ఇష్టం. మామూలు తరగతిలో పిల్లలు ఎంత చెదిరిపోయి ఉన్నారో, వెల్చ్ ఎందుకు కావాల్సివచ్చిందో ఆ బొమ్మే చెబుతుంది.

అయితే ఏ సాఫ్ట్‌వేరూ చూడలేనిది ఒకటుంది. పఠనం అధ్యయనంలో పిల్లలను ఒక్కొక్కరిగా లాటరీ వేసి రెండు గుంపులు చేయలేదు. ఉన్న తరగతులనే తీసుకున్నారు. ఒక తరగతిలోని 21 మందికీ ఒకే ఉపాధ్యాయులు, ఒకే గది, ఒకే వాతావరణం. వాళ్ల మార్కులు ఒకదానితో ఒకటి సంబంధం లేనివని అనుకోవడం కష్టం. కనిపించిన తేడాలో కార్యక్రమం వాటా ఎంత, ఆ ఉపాధ్యాయుల వాటా ఎంత అన్నది టీ పరీక్ష విడదీయలేదు. డేటా ఎలా వచ్చిందన్నది జాస్ప్‌కు తెలియదు, అడగదు కూడా.

ఇదే పొరపాటు నా చేతుల మీదుగా జరగబోయింది. గత ఏడాది ఒక విద్యార్థిని రెండు వేరుశనగ రకాల కాయల లెక్కలు తెచ్చింది. ఒక్కో రకానికి నాలుగు మళ్లు, ఒక్కో మడి నుంచి ఐదు మొక్కలు. ఒక్కో రకానికి 20 చొప్పున 40 వరుసలు చక్కగా నింపింది. జాస్ప్ ఒక్క క్షణంలో పట్టిక ఇచ్చింది, పి విలువ చాలా చిన్నది, నేనూ బాగుందనే అన్నాను. ఆ రాత్రి కాగితాలు మళ్లీ తిరగేస్తుంటే మడి నంబర్ల కాలమ్ కంటపడింది. రకాన్ని కేటాయించింది మడికి, మొక్కకు కాదు. ఒకే మడిలోని ఐదు మొక్కలూ ఒకే నేలను, ఒకే తడిని పంచుకున్నాయి. మర్నాడు ఇద్దరం కూర్చుని మడికొక సగటు తీశాం. ఒక్కో రకానికి 20 అనుకున్నది నాలుగైంది. తేడా అంతే ఉంది గానీ ఇంటర్వల్ వెడల్పై సున్నాను తనలో కలుపుకుంది. ‘సార్, అయితే నా ప్రయోగం వృథాయేనా?’ అని ఆ అమ్మాయి అడిగినప్పుడు నా దగ్గర ఉన్న జవాబు ఒక్కటే: వృథా కాదమ్మా, నాలుగు మళ్లు ఎంత చెప్పగలవో అంతే చెబుతున్నాయి. ఆమె థీసిస్‌లో ఆ ఇంటర్వల్‌నే రాసింది.

రెండు నమూనాలు నిజంగా స్వతంత్రమైనవేనా అన్న ప్రశ్న ఎంత బరువైనదో చూపడానికి ఈ పరీక్ష పుట్టిన నాటి డేటానే చాలు. డబ్లిన్‌లోని గిన్నిస్ బ్రూవరీలో పనిచేసిన విలియం సీలీ గోసెట్, తన సంస్థ నియమాల వల్ల సొంత పేరుతో ప్రచురించే వీలు లేక, 1908లో ‘స్టూడెంట్’ అన్న పేరుతో బయోమెట్రికా పత్రికలో వ్యాసం రాశాడు. కష్నీ, పీబుల్స్ అనే పరిశోధకులు 1905లో ప్రచురించిన నిద్ర మందుల కొలతలను అందులో ఉదాహరణగా తీసుకున్నాడు. పది మంది రోగులకు రెండు మందులూ ఇచ్చి చూశారు. అదనంగా వచ్చిన నిద్ర సగటున ఒక మందుతో 0.75 గంటలు, రెండోదానితో 2.33 గంటలు. ఈ 20 అంకెలనూ ఇరవై మంది వేర్వేరు మనుషులవన్నట్టు జాస్ప్‌లో వేసి వెల్చ్ పరీక్ష చేస్తే పి విలువ 0.079 వస్తుంది. అవి పది మందివేనని గుర్తించి, ఒక్కో మనిషి రెండు కొలతల తేడాను చూసే జతల పరీక్ష చేస్తే 0.003 వస్తుంది. అంకెలు అవే, సగట్లు అవే. జాస్ప్ జతల పరీక్షకు రెండు కాలమ్‌ల అమరికను, స్వతంత్ర పరీక్షకు పొడవాటి అమరికను అడగడం వల్ల ఈ రెండూ కలగాపులగమయ్యే ప్రమాదం కొంత తగ్గుతుంది.

ఎక్సెల్ అందరి కంప్యూటర్లలో ఉంటుంది కాబట్టి దానితోనూ పోల్చి చూశాను. దాని డేటా విశ్లేషణ టూల్‌పాక్‌లో సమాన విస్తృతులకొకటి, అసమాన విస్తృతులకొకటి, జతలకొకటి చొప్పున మూడు టీ పరీక్షలు ఉన్నాయి. పేర్లు స్పష్టంగా ఉండటం దాని మంచి గుణం. కానీ సగట్ల తేడాకు ఇంటర్వల్ ఇవ్వదు, కోహెన్ డి లాంటి ఎఫెక్ట్ సైజు ఇవ్వదు, అంకె మార్చితే పట్టిక తనంతట తాను మారదు. పైగా అసమాన విస్తృతుల పరీక్షలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్‌ను దగ్గరి పూర్ణాంకానికి సవరిస్తుంది, అదే ఎక్సెల్‌లోని టీ.టెస్ట్ ఫార్ములా మాత్రం సవరించదు. నిద్ర డేటాలో డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ 17.78 కాస్తా 18 అవుతుంది, పి విలువ 0.0794కు బదులు 0.0792 వస్తుంది. ఈ తేడాతో నిర్ణయం మారదు గానీ, ఒకే సాఫ్ట్‌వేర్ రెండు జవాబులు ఎందుకిచ్చిందో తెలియక విద్యార్థులు గంటలు పోగొట్టుకోవడం చూశాను. ఇక ఆర్ అన్నిటికన్నా సమర్థమైనదే. కమాండు రాయడం వచ్చినవాళ్లకు నేను దాన్నే సిఫారసు చేస్తాను. థీసిస్ గడువుకు మూడు వారాల ముందు మొదటిసారి గణాంక సాఫ్ట్‌వేర్ తెరిచేవాళ్లకు కాదు.

జాస్ప్‌లో ఇదే పరీక్షకు బేయీసియన్ రూపం (ముందస్తు అంచనాను డేటాతో సవరించే పద్ధతి) కూడా ఉంది, దాన్ని తయారుచేసినవాళ్ల ప్రత్యేక అభిమానం దాని మీదే. అందులో ముందుగా అనుకునే అంచనా, అంటే ప్రయర్, కాషీ అనే పంపిణీ, దాని వెడల్పు 0.707, మార్చుకోవచ్చు. ఆ ఎంపికను సమర్థించుకోగలిగే స్థాయికి వచ్చిన పరిశోధకులకు అది విలువైనదే గానీ, మా ఎమ్మెస్సీ మొదటి సంవత్సరంలో నేను దాన్ని తెరవను.

ఫలితాల పట్టికను నేరుగా వర్డ్‌లోకి కాపీ చేసుకోవచ్చు, గీతలు, దశాంశాలు పద్ధతిగా వస్తాయి. డేటా, ఎంపికలు, ఫలితాలు అన్నీ ఒకే ఫైలులో భద్రపడటం గైడ్లకు పెద్ద సహాయం: ఆరు నెలల తర్వాత తెరిచినా ఏ టిక్ పెట్టి ఈ అంకె తెచ్చారో కనిపిస్తుంది. ఇప్పుడు మా ల్యాబులో కొత్త బ్యాచ్‌కు జాస్ప్ పరిచయం చేసే రోజున మొదటి పని స్టూడెంట్ దగ్గర టిక్ తీసి వెల్చ్ దగ్గర పెట్టించడం, రెండోది లొకేషన్ పెరామీటర్, ఇంటర్వల్, రెయిన్‌క్లౌడ్ ప్లాట్ మూడింటికీ టిక్ పెట్టించడం. ఆ తర్వాత ప్రతి ఒక్కరినీ వాళ్ల డేటాలో ఒక వరుస మీద వేలు పెట్టి, అది దేని కొలతో ఒక వాక్యంలో చెప్పమంటాను. ఆ వాక్యం సరిగ్గా వచ్చాకే పి విలువ వైపు చూస్తాం.